కారు లేని షెడ్డు

జ్ఞానసుందరి ఇంటికి కారు షెడ్డు ఉంది. కారు లేదు. ఆ కాలనీలో ఉన్న నలభై రెండు ఇళ్లకీ షెడ్లు ఉన్నాయి. కారున్నది మాత్రం జగన్నాధం గారొక్కరికే.

విజయనగరంలో కంటోన్మెంటు దాటాక, ఒకప్పుడు గోగు చేలు ఉన్న నేలలో గృహనిర్మాణ సహకార సంఘం వాళ్లు ఆ కాలనీ వేశారు. జగన్నాధం ఆ సంఘానికి కార్యదర్శి. ప్రజాపనుల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగంలో ఉండగా ఒకసారి మద్రాసు వెళ్లి, అక్కడి పెద్ద కాలనీ ఒకటి చూసి ముచ్చటపడి, దాని నియమావళి తెచ్చుకున్నాడు. దాన్ని తెలుగు చేసి ఈ సంఘం నెత్తిన పెట్టాడు. అందులో కారు షెడ్డు తప్పనిసరి కాబట్టి, కారు కొనడం కల్లో కూడా తలవని మేష్టర్లూ గుమాస్తాలూ అందరూ ఇంటి పక్కన మూడు గోడలూ రేకుల కప్పూ లేపారు.

పద్నాలుగో నియమం ఇలా ఉండేది: "షెడ్డునందు వాహనము తప్ప వేరొకటి ఉంచరాదు. మనుష్యులు నివసింపరాదు. పశువులను కట్టరాదు. వర్తకము చేయరాదు." పదిహేనోది, దీపాలవేళ దాటితే ఏ వాహనమూ వీధిలో నిలపకూడదని. ఈ రెండో దాన్ని అమలు చేసేది కాపలాదారు కూర్మయ్య. చీకటి పడ్డాక గోగు కట్టల బండి ఏదైనా ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆగితే కర్ర పట్టుకుని వెళ్లేవాడు.

"కారులకి గదేటి ఆ రూలు" అని బండివాడు అడిగితే, "సక్రాలున్నాయా నేవా" అనేవాడు కూర్మయ్య. బండివాడు ఎడ్లను అదిలించి వెళ్లిపోయేవాడు.

ప్రతి నెలా మొదటి ఆదివారం జగన్నాధం మరి ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకుని షెడ్లు చూసి వెళ్లేవాడు. శనివారం సాయంత్రం కాలనీ అంతా హడావుడి. షెడ్లలోంచి పిడకలు, ఊరగాయ జాడీలు, గడ్డిమోపులు, చంటిపిల్లల ఉయ్యాలలు ఇళ్లలోకి చేరేవి. సోమవారం మళ్లీ షెడ్లలోకి వచ్చేవి. ఈ సంగతి జగన్నాధానికీ తెలుసు. ఎప్పుడూ సర్దుకోనక్కరలేని షెడ్డు జ్ఞానసుందరిది ఒక్కటే. అందులో ఆమె సైకిలు తప్ప మరేమీ ఉండేది కాదు.

ఆమె అంత ఒద్దికగా ఉండటానికి కారణముంది. ఇల్లు కట్టుకుంది గాని ఇంకా ఆమె పేర రిజిస్టరు కాలేదు. ఇల్లు పూర్తయిన రెండేళ్లకు, సభ్యుడు నియమాలన్నీ పాటించాడని కార్యదర్శి సంతకం పెడితే అప్పుడు రిజిస్ట్రేషను. ఆ రెండేళ్లు నవంబరులో నిండుతాయి. అది అరవై ఏడో సంవత్సరం. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు.

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు కృపానిధి కూతురామె. తల్లి పురిట్లోనే పోయింది. ఆరో ఏట బోర్డింగు స్కూల్లో చేరింది, పదిహేడో ఏట నర్సుల హాస్టలుకి వచ్చింది, తరవాత ముప్ఫై ఏళ్లకు పైగా మిషను ఆసుపత్రి క్వార్టర్లలో బతికింది. ఎక్కడా తలుపుకి తాళం తనది కాదు. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది. రిటైరయినప్పుడు గది ఖాళీ చెయ్యమన్నారు. సంఘంలో నాలుగు స్థలాలు తమలాంటి హరిజనులకు ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందని మేనమామ కొడుకు చెబితే దరఖాస్తు పెట్టుకుంది. జగన్నాధం అడ్డం చెప్పలేదు సరికదా, తానే కాగితాలు నింపిపెట్టాడు. ఆయన భార్య రెండో కాన్పులో కడతేరకుండా గట్టెక్కింది ఈ నర్సు చేతుల్లోనే.

కాన్పు గదిలో అందరూ ఆమె చెయ్యి పట్టుకున్నవాళ్లే. కాలనీలో మాత్రం గేటు దగ్గరే నిలబడి పిలిచేవారు. ఎంత కావలసిన వాళ్లయినా వరండా దాకా వచ్చేవారు. మంచినీళ్లు ఎవరూ అడిగేవారు కాదు. ఆమె కూడా ఎవరినీ లోపలికి రమ్మనేది కాదు. పిలిచి, వాళ్లు సాకులు వెతుక్కోవడం చూసేకన్నా పిలవకుండా ఉండటమే ఆమెకు తేలిక.

దసరా మర్నాడు, శనివారం పొద్దున్న, జగన్నాధం వచ్చాడు. వెంట చినబాబు ఉన్నాడు. ఇరిగేషను ఆఫీసులో గుమాస్తా, జగన్నాధం ఇంటి వెనక వాటాలో అద్దెకుంటున్నాడు. అతని తల్లి దాలమ్మ మూడు వారాల కింద చీపురుపల్లి అవతలి పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి జ్వరంతో మంచమెక్కింది.

"సిస్టరు గారూ, ఒక ఇబ్బందొచ్చింది" అన్నాడు జగన్నాధం వరండా మెట్టు మీదే నిలబడి. "దాలమ్మ సంగతి విన్నారు గదా. డాక్టరు ఇంక లాభం లేదనేశాడు. ఇవాళో రేపో. ఇవాళ మధ్యాహ్నం రెండు దాటితే ధనిష్ఠ పడుతోంది. అది మొదలు బుధవారం దాకా పంచకం."

జ్ఞానసుందరికి ఆ మాట కొత్త కాదు. ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉన్న మనిషిని ఇంటికి తీసుకుపోతామని గోల పెట్టినవాళ్లూ, ఇంటికి వద్దని ఆసుపత్రిలోనే వదిలేసినవాళ్లూ ఎందరో ఆమెకు తెలుసు. ధనిష్ఠతో మొదలయ్యే ఆ ఐదు నక్షత్రాల్లో ఇంట్లో చావు జరిగితే ఆ ఇల్లు పాడుపెట్టాలి. ధనిష్ఠలో అయితే ఆరు నెలలు తలుపులు మూసి, దీపం లేకుండా.

"వాళ్ల వాటా ఒక్కటీ కాదు" అన్నాడు జగన్నాధం. "ఒకే కప్పు కింద ఉన్నాం. అమ్మవారి సిరిమాను పండక్కి మా అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. ఇంటిల్లిపాదీ ఎక్కడికి పోతాం చెప్పండి."

"సొంతూరు తీసుకెళ్లరా బాబూ?" అని చినబాబుని అడిగింది.

"ఊర్లో ఇల్లు మా అన్నదండి. ఆడూ అదే అంతన్నాడు. పంచకం ఎల్లినాక తెమ్మంతన్నాడు" అన్నాడు చినబాబు తలవంచుకుని.

"అందుకని మీ షెడ్డు అడుగుదామని" అన్నాడు జగన్నాధం. "మా షెడ్డు ఇంటి గోడని ఆనుకుని ఉంది, అది కూడా ఇంటి కిందికే వస్తుందన్నాడు సిద్ధాంతి. మీది విడిగా ఉంది. పైగా మీకు ఇలాంటి పట్టింపులు లేవు గదా."

జ్ఞానసుందరి నర్సు బుద్ధి పోనిచ్చుకోలేక అనేసింది. "షెడ్డుకి తలుపు లేదండి, చలిగాలి కొడుతుంది. లోపల గది ఖాళీగానే ఉంది."

చినబాబు గేటు వైపు చూశాడు. "షెడ్డు సాలండి" అన్నాడు. అతని గొంతులో ఏ దురుసూ లేదు. ప్రాణం పోయేముందు తల్లి ఏ ఇంట్లో పడుకుందని నలుగురూ అడిగితే చెప్పుకోవలసినవాడు అతను. షెడ్డయితే ఎవరి ఇల్లూ కాదు.

"మరి పద్నాలుగో నియమం?" అని ఆమె జగన్నాధాన్ని అడిగింది.

"నివసించడం వేరు, ఇది వేరు. ఐదు రోజుల ముచ్చట. కార్యదర్శిని నేను చెబుతున్నా గదా."

"కాగితం మీద రాసిస్తారా?"

"ఇలాంటివి కాగితం మీద పెడతామా సిస్టరు గారూ" అన్నాడాయన నొచ్చుకుంటూ.

ఒంటిగంటకి నలుగురు మనుషులు నవారు మంచంతో సహా దాలమ్మని మోసుకొచ్చారు. చినబాబు భార్య పద్మకుమారి ముందు నడిచి, గచ్చు మీద నీళ్లు చల్లి, మంచం దక్షిణానికి తల పెట్టించింది. కాలనీలో ఆడవాళ్లు గేటు బయట కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయారు. ముసలామె కళ్లు మూసుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

జ్ఞానసుందరి పక్కన కూర్చుని చెయ్యి చూసింది. నాడి సన్నగా ఉంది గాని తెగిపోలేదు. ముంజేతి మీద చర్మం పట్టి వదిలితే పట్టినట్టే మడతగా నిలబడిపోయింది. నాలుక ఎండుటాకులా ఉంది.

"ఎన్నాళ్లయింది ఏమైనా తాగి?" అని అడిగింది.

"బుధవారం నుంచీ ఏటీ పెట్టలేదండి" అంది పద్మకుమారి. "డాక్టరు గారు అలగనీసినాక మరి పెట్టకూడదు గదా. తులసినీల్లు సుక్క సుక్క పోస్తన్నాం."

జ్ఞానసుందరి లేచి లోపలికి వెళ్లింది. జ్వరం ఎప్పుడో దిగిపోయింది. ఈ మనిషి చస్తున్నది దాహంతో. డాక్టరు మాట విని ఇంటివాళ్లు అన్నం ఆపారు. అన్నం ఆపారు గనక డాక్టరు మాట నిజం కాబోతోంది. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. ఇలాంటి చావులు ఆమె చాలా చూసింది. చెబితే వినరనీ తెలుసు. తన చేతి నీళ్లు తాగించరనీ తెలుసు. కాని తన చేతి మందు ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. మందుకి ఎవరూ కులం అడగరు.

నీళ్లు మరగబెట్టి చల్లార్చి, పంచదారా, ఉప్పూ, నిమ్మరసం కలిపింది. పాత మందుసీసాలో పోసింది. ఆసుపత్రి కాంపౌండరు చేసినట్టే మోతాదుల గుర్తుగా తెల్లకాగితం సన్నగా కత్తిరించి, మెట్లు మెట్లుగా మడిచి సీసాకి అతికించింది.

"మందు" అంది పద్మకుమారితో. "గంటకో మెట్టు. మానకూడదు. పోయేదాకా పడుతూనే ఉండాలి."

ఆ చివరిమాట అనకపోతే పట్టరని ఆమెకు తోచింది. అబద్ధమాడినట్టనిపించి ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ సంగతి చెప్పుకుంది.

శనివారం గడిచింది. ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. అయిపోయిన సీసాని మళ్లీ మళ్లీ నింపింది. సోమవారానికి దాలమ్మకి మూత్రం వచ్చింది. ఆ సంగతి జ్ఞానసుందరికి ఎంత గొప్పగా తోచిందో మరొకరికి చెబితే నవ్వుతారు. ఆ రోజు నుంచి పలచటి రాగిపిండి సోడంబలి పద్మకుమారి చేతే కాయించి, మందు తరవాత పథ్యమని పట్టించింది. పద్మకుమారి మాత్రం ఏదో అర్థమైనట్టు ఆమె ముఖంలోకి చూసి, అంబలి తెచ్చిపెట్టింది.

మంగళవారం సిరిమాను. మధ్యాహ్నానికి కాలనీ ఖాళీ అయిపోయింది. జగన్నాధం కూతుర్నీ అల్లుణ్నీ కార్లో ఎక్కించుకుని వెళ్లాడు. కూర్మయ్య కూడా కర్ర గోడకి ఆనించి వెళ్లిపోయాడు. చినబాబుకి వెళ్లాలని లేదు గాని, మొక్కు తీర్చాలని భార్యతో వెళ్లాడు. షెడ్డులో ఇద్దరే మిగిలారు. ఊళ్లోంచి డప్పులు వినిపిస్తున్నాయి.

"ఏ ఊరే ఇది?" అంది మంచం మీంచి ఒక గొంతు.

జ్ఞానసుందరి చదువుతున్న బైబిలు మూసింది. "విజయనగరమే దాలమ్మగారూ. మీ అబ్బాయి ఉన్న వీధే."

"గారేటి గారు. నానేటి కరణం పెల్లామా" అంది దాలమ్మ. కళ్లు తిప్పి రేకుల వైపు చూసింది. "ఈ కొంపకి తలుపునేదేటి?"

"ఇది ఇల్లు కాదమ్మా. కారు పెట్టుకునే షెడ్డు."

"కారేదీ?"

"లేదు."

దాలమ్మ దాన్ని గురించి కొంచెంసేపు ఆలోచించింది. "కారు నేదు గానీ దానికి ఇల్లున్నాది. బాగున్నాది. నన్నిక్కడేల పెట్టినారు?"

"గాలి బాగుంటుందని."

"పంచకవా?"

ముసలామె కళ్లు ఆమెని వదల్లేదు. "అవును" అంది జ్ఞానసుందరి.

"అనుకున్నాను. మా అత్తని గొడ్లసాల్లో పెట్టినాం. నానే తుడిసినాను సాల." మళ్లీ ఆమె వైపు తిరిగి, "మీకు నేదేటి పంచకం?" అంది.

"మాకు లేదమ్మా."

"అయితే మీరు ఎప్పుడు సస్తే అప్పుడే."

"ఎప్పుడు చస్తే అప్పుడే" అని జ్ఞానసుందరి ఒప్పుకుంది. చాలా రోజుల తరవాత ఆమెకు నవ్వొచ్చింది.

"నీల్లియ్యి" అంది దాలమ్మ.

సీసా ఖాళీగా ఉంది. పద్మకుమారి పెట్టి వెళ్లిన చెంబూ ఖాళీ. "ఉండమ్మా, మందు కలిపి తెస్తాను."

"మందొద్దు. నీల్లు."

"మీవాళ్లు వచ్చేస్తారు."

"ఆల్లు సిరిమాను సూసి రావద్దా? నీల్లియ్యిమంతన్నాను."

జ్ఞానసుందరి వంటింట్లోకి వెళ్లి కుండలో గ్లాసు ముంచింది. రెండేళ్లలో ఆ కుండలో నీళ్లు తను కాక మరొకరు తాగలేదు. దాలమ్మ తల ఎత్తి పట్టుకుని తాగించింది. ముసలామె సగం గ్లాసు తాగి, మూతి తుడుచుకుంది.

"సల్లగున్నాయి" అంది. "ఇన్నాల్లూ వీటిలో ఉప్పేల కలిపినావు?"

గురువారం పొద్దున్న పంచకం వెళ్లిపోయింది. దాలమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. చినబాబు వచ్చి తల్లిని చూసి, గోడకి మొహం పెట్టుకుని ఏడ్చాడు. తరవాత ఇంటికి తీసుకుపోవడానికి రిక్షా పిలిచాడు. జగన్నాధం కూడా వచ్చాడు. నిజంగానే సంతోషించాడు. అయితే ఆయన రాత్రే పంచాంగం చూసి ఒక ఏర్పాటు ఆలోచించుకుని వచ్చాడు.

"పంచకం నెలనెలా వస్తుంది గదా" అన్నాడు. "ఈవిడకి డెబ్బై దాటాయి. ఎప్పుడేమవుతుందో ఎవరం చెప్పలేం. నెలలో ఆ ఐదు రోజులూ సిస్టరు గారి షెడ్డులో ఉంటుంది, మిగతా రోజులు వాటాలో ఉంటుంది. ఎవరికీ కష్టం లేదు."

చినబాబు తల ఊపాడు. దాలమ్మ ఊపలేదు.

"నానొల్లను" అంది.

"ఏటే అమ్మా నువ్వు" అన్నాడు చినబాబు.

"ఒక్కపాలి మోసీసినారు, సరే. నెలకోపాలి సావడానికి మోయడం, నెలకోపాలి బతకడానికి మోయడం, నానొల్లనురా. బూములున్న బుగతలకి నాటుబండి లాగ నన్ను తిప్పుతారేటి. ఇక్కడే ఉంతాను."

"ఇక్కడ ఎలాగ ఉంతావు? నలుగురూ ఏటంతారు?"

"నన్ను మోసినోల్లు నలుగురే గదా. ఆల్లనే అడుగు."

చినబాబు మంచం పట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు బతిమాలాడు. చివరికి రిక్షావాడు తొందరపెడితే ఉత్త రిక్షా పంపేశాడు. ఆ రోజు నుంచి పద్మకుమారి పూటపూటా అన్నం తెచ్చి షెడ్డులో పెట్టి వెళ్లేది.

ఐదు రోజులుగా ఎవరికీ కనపడని పద్నాలుగో నియమం ఆ మర్నాటి నుంచి అందరికీ కనపడింది. చావడానికి వచ్చిన మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. బతకడానికి ఉండిపోయిన మనిషి గురించి మాట్లాడారు. ఒక మేష్టారు తన షెడ్డు కిళ్లీకొట్టుకి ఇస్తానన్నాడు. ఇంకొకాయన ఆవుని కట్టేశాడు. అదేమంటే నర్సమ్మ షెడ్డు చూపించాడు.

వారం తిరక్కుండా కూర్మయ్య చేత నోటీసు వచ్చింది. "తమ షెడ్డునందు మనుష్యులు నివసించుచున్నట్లు సంఘము దృష్టికి వచ్చినది. నవంబరు మొదటి ఆదివారపు తనిఖీనాటికి ఖాళీ చేయనిచో తమ గృహ రిజిస్ట్రేషనుకు సంఘము సమ్మతి ఇవ్వజాలదు." కింద జగన్నాధం సంతకం.

ఆ కాగితం పట్టుకుని ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన కారు తుడుచుకుంటున్నాడు.

"నేనే రాసిన నియమం సిస్టరు గారూ" అన్నాడు ఆమె అడక్కముందే. "నేనే పక్కన పెడితే ఎవడు పాటిస్తాడు? ఇప్పటికే ఆవుని కట్టేశాడాయన."

"ఆమెని ఎక్కడికి పంపమంటారు?"

"కొడుకు ఇంటికి."

"ఆ ఇల్లు మీది కదండి. వచ్చే పంచకానికి ఇంట్లోనే ఉండనిస్తారా?"

జగన్నాధం గుడ్డ పిండాడు. అద్దం మీద లేని మరకని తుడిచాడు. "మనవలు పుట్టబోయే ఇల్లు. నాకు మాత్రం భయం ఉండదా" అన్నాడు చిన్నగా. "మీరు నాకు చేసిన మేలు నేను మరవలేదు. ఆమెకి మీరే నచ్చచెప్పండి. ఆ ఐదు రోజులకీ అయితే నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను."

జ్ఞానసుందరి ఇంటికి వచ్చి పెట్టెలోంచి దస్తావేజు ముసాయిదా తీసింది. సంతకాలు లేని కాగితం. "కృపానిధి కుమార్తె జ్ఞానసుందరి" అని ఉంది. తూర్పున వీధి, పడమర నుయ్యి, ఉత్తరాన ఖాళీ జాగా, దక్షిణాన మరొకరి గోడ. ఆ నాలుగు హద్దుల మధ్య తన తండ్రి పేరు రాసి ఉండటం ఆమె ఎన్నిసార్లు చదువుకుందో. ఆ పేరు ఇంతవరకూ ఏ నేల కాగితం మీదా ఎక్కలేదు. దాలమ్మని నాలుగు రోజులు కొడుకింటికి వెళ్లి రమ్మంటే సరిపోతుంది. తను అడిగితే ముసలామె కాదనదు కూడా. తాను గుమ్మంలో నిలబడి ఒక్కమాట అంటే చాలు.

ఆ మాట అనడానికి రెండుసార్లు షెడ్డులోకి వెళ్లింది. మొదటిసారి దాలమ్మ నిద్రపోతోంది. రెండోసారి మెలకువగానే ఉండి, "నీ సైకిలు సక్రంలో గాలి నేదు సూసుకున్నావా" అంది. జ్ఞానసుందరి చక్రం ఒత్తి చూసి వచ్చేసింది. లోపలికి రమ్మని అనడానికీ నోరు రాలేదు. ఆ మాట ఒకసారి కొడుకుతో అంది, జవాబు విన్నది. జబ్బుపడి లేచిన మనిషికి తిండి పెట్టేది ఆ కొడుకే. తన మాట పట్టుకుని ఆమె తనవాళ్లకి దూరమైతే ఆ పాపం ఎవరిది?

తనిఖీ ముందు శనివారం నాటికి మిషను పెద్దకి ఉత్తరం రాసింది. ముసలి నర్సుల గదుల్లో చోటుందా అని. రాసి అంటించింది గాని డబ్బాలో వెయ్యలేదు.

ఆ సాయంత్రం కూర్మయ్య షెడ్డు ముందు ఆగాడు. "ముసిలీ, రేపు బాబులొస్తారు. మంచం లెగ్గట్టీ. నువ్విక్కడుంతే నర్సమ్మకి ఇంటి కాయితం రాదట, తెలుసా?"

"ఎవులన్నారు?"

"ఊరంతా అంతన్నారు. నీకే తెల్దు."

జ్ఞానసుందరి అప్పుడు పెరట్లో ఉంది. ఈ మాటలు ఆమె వినలేదు.

ఆదివారం తెల్లవారాక జ్ఞానసుందరి తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, ఉత్తరం ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఎనిమిదింటికి వస్తారు. షెడ్డులో ఏదో చప్పుడైతే తలెత్తింది. దాలమ్మ దుప్పటి మడిచి చంకన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ బయటికి వస్తోంది. కాళ్లు ఇంకా తడబడుతున్నాయి. కొడుకింటికి బయలుదేరిందనుకుంది జ్ఞానసుందరి. గుండెలో ఒకపక్క తేలికైంది, అలా తేలికైనందుకు సిగ్గేసింది.

దాలమ్మ గేటు వైపు తిరగలేదు. వరండా మెట్టు దగ్గర ఆగింది.

"ఏటి సూస్తావు. సెయ్యియ్యి."

జ్ఞానసుందరి లేచి చెయ్యిచ్చింది. మెట్టెక్కాక కూడా ముసలామె ఆగలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"దాలమ్మా" అంది జ్ఞానసుందరి. "ఇది మా ఇల్లు."

"తెల్దేటి నాకు. షెడ్డులో ఉండకూడదంట గదా, ఇంట్లో ఉండకూడదని ఎవులూ అన్లేదు."

"మీవాళ్లు మళ్లీ రారేమో."

దాలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ మాట ఆమె కూడా అనుకున్నదేనని ముఖం చూస్తే తెలుస్తోంది. "అది నా బాద" అంది. "కాల్లు కడుక్కోడానికి నీల్లు తే. మన్నుకాల్లతో ఎల్లకూడదు."

జ్ఞానసుందరి నీళ్లు తెచ్చి తనే కడిగింది. ముప్ఫై ఏళ్లు ఎన్నో కాళ్లు కడిగిన చేతులు ఆ రోజు తడి తుడవడం మరిచిపోయాయి.

ఎనిమిదీ పదికి ముగ్గురూ వచ్చారు. షెడ్డులో సైకిలు ఉంది. మంచం బయటి గోడకి నిలబెట్టి ఉంది. గచ్చు ఊడ్చి ఉంది. జగన్నాధం పుస్తకం తెరిచి ఇంటి నంబరు ఎదురుగా "ఖాళీ" అని రాశాడు. ఆయన ముఖంలో బరువు దిగినట్టయింది.

"నేనిటు వచ్చాక కొడుకింటికి పంపేశారా? మంచిపని చేశారు" అన్నాడు.

జ్ఞానసుందరి జవాబు చెప్పేలోగా లోపల్నుంచి గొంతు వినపడింది. "నర్సమ్మా, ఈ అన్నం గొంతు దిగదే. ఉప్పుగల్లు ఎక్కడెట్టినావు?"

ముగ్గురూ తెరిచి ఉన్న తలుపు వైపు చూశారు. లోపల గోడ వారగా, పీట మీద కూర్చుని, దాలమ్మ కంచంలో చెయ్యిపెట్టి ఉంది. వెనక ఉన్న సభ్యుడు ఏదో అనబోయి జగన్నాధం వైపు చూశాడు. జగన్నాధం పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ఇంట్లో ఎవరు ఎవరితో కలిసి అన్నం తినాలో మద్రాసు వాళ్లు ఏమీ రాయలేదు.

"ఈ నెలాఖరుకి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళదాం" అన్నాడు చివరికి. "ఇద్దరు సాక్షుల్ని చూసుకోండి." మెట్టు దిగుతూ ఆగి, "అన్నం తింటోందన్నమాట" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. పుస్తకం మూసి పక్కింటి ఆవుని చూడటానికి వెళ్లిపోయాడు.

పదకొండింటికి పద్మకుమారి గిన్నెతో షెడ్డులోకి వచ్చి, ఖాళీ చూసి, వరండా ముందు నిలబడింది. గిన్నె అరుగు మీద పెట్టి వెనక్కి వెళ్లింది. అరగంటలో చినబాబు వచ్చాడు. పరుగున వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు. గేటు తీశాడు గాని అక్కడే ఆగిపోయాడు.

"అమ్మా, రా. ఇంటికెలిపోదాం."

"నువ్వే రా" అంది దాలమ్మ లోపల్నుంచి.

"ఊర్లో తెలిస్తే అన్న ఉత్తరం కూడా రాయడు నీకు. ఎవులూ పెల్లిల్లకి పిలవరు."

"రాయకపోతే మానీమను. ఆడేటి, నా మొకం సూడ్డానికి పంచాంగం తీసీవోడే గదా."

చినబాబు గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. జ్ఞానసుందరి గుమ్మంలోకి వచ్చి అతన్ని చూసింది. రమ్మనలేదు. పొమ్మనలేదు. మధ్యాహ్నం వడ్డించిన కంచంలో ఉప్పు వేసి వచ్చిన చేతిని చీర కొంగుకి తుడుచుకుంది.

చాలాసేపటికి అతను గేటు వదిలి లోపలికి నడిచాడు. చెప్పులు మెట్టు కింద విడిచాడు. వరండా అంచున, తల్లి కనపడేచోట, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజుకి అంతవరకే వచ్చాడు.